ఇంట్లో దూరిన దొంగని చంపొచ్చా?

(ఒక కాలనీ సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో విశ్రాంత క్రిమినల్ న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆయన మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

సభకు నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు అధ్యక్షులవారు "కొత్త చట్టాల మీద నాలుగు ముక్కలు చెప్పండి సార్" అన్నారు. తీరా కరపత్రం చూస్తే "దొంగల బెడద - ఆత్మరక్షణ" అని అచ్చేశారు. ఎందుకో నాకు తెలుసు. పక్క కాలనీలో తాళాలు పగిలాయి. చెడ్డీ గ్యాంగ్ వీడియోలు మళ్ళీ ఫోన్లలో తిరుగుతున్నాయి. అందులో నాకొచ్చినది 2021 చివర్లో విజయవాడ వైపు అపార్టుమెంట్లలో సీసీ కెమెరాకి చిక్కిన వీడియో. దాని కింద "నిన్న రాత్రి మన వెనక వీధిలో" అని ఎవరో రాశారు. సరే, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇందాక టీ తాగుతుంటే ఒకాయన సూటిగా అడిగారు. "రాత్రి రెండింటికి వాడు లోపలికొచ్చాడు. నా చేతిలో రోకలి ఉంది. కొట్టొచ్చా? వాడు చస్తే కేసు నా మీదా?" అని. దీనికి చట్టం చెప్పే జవాబు ముందు చెప్పేస్తాను. అది చెప్పడం తేలికే. దాని వెనకాల ఉన్న మంచిచెడ్డలే కాస్త కష్టం.

పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. మనకి కావలసింది 41. ఆస్తిని కాపాడుకునేటప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా తప్పు కాదనే సందర్భాలు అందులో నాలుగున్నాయి. ఒకటి, దోపిడీ. రెండు, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఇంటికి కన్నం వేసో తాళం పగలగొట్టో లోపలికి రావడం. మూడు, మనుషులుండే ఇంటికి గానీ సామాను దాచుకునే చోటికి గానీ నిప్పు పెట్టడం, పేలుడు పదార్థం వాడటం. నాలుగు, మామూలు దొంగతనమో ఇంట్లో చొరబడటమో అయినా, ఇప్పుడు అడ్డుకోకపోతే ప్రాణం పోతుందనో తీవ్రమైన గాయం అవుతుందనో భయపడటానికి తగిన కారణం ఉండటం. ఈ నాలుగూ దాటితే 42 ప్రకారం దొంగని అడ్డుకోవచ్చు, అవసరమైతే గాయపరచవచ్చు, ప్రాణం మాత్రం తీయకూడదు. వీటన్నిటి మీదా 37వ సెక్షన్ కాపలా ఉంటుంది. అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు అని.

ఇందులో ఓ తమాషా ఉంది. దొంగ గడియ ఎత్తి లోపలికొస్తే అది ఇల్లు పగలగొట్టి రావడం కింద లెక్క. కిటికీ ఎక్కి వచ్చినా అంతే. ఎండాకాలం గాలి కోసం మీరు తలుపు బార్లా తీసి పడుకుంటే, అందులోంచి నడుచుకుంటూ వచ్చినవాడు మాత్రం మామూలుగా ఆ లెక్కలోకి రాడు. అప్పుడు మీకు నాలుగో సందర్భమే దిక్కు. అంటే మీరెందుకు భయపడ్డారో కోర్టుకి చెప్పాలి. రాత్రి రెండింటికి నిద్రలో ఉలిక్కిపడి లేచిన మనిషి, "వీడు గడియ ఎత్తాడా లేదా" అని చూసుకుంటాడా? చూసుకోడు. కోర్టులకీ ఆ సంగతి తెలుసు. ప్రాణభయంలో ఉన్నవాడు తూచి తూచి కొట్టలేడని, దెబ్బల్ని బంగారం తూచే త్రాసులో పెట్టకూడదని సుప్రీంకోర్టు చాలా తీర్పుల్లో చెప్పింది. 2010 నాటి దర్శన్ సింగ్ కేసులో ఈ సూత్రాలన్నీ ఒకచోట చేర్చి రాశారు. ఆత్మరక్షణ అని రుజువు చేసుకునే భారం ముద్దాయిదే, కాకపోతే అది జరిగి ఉండొచ్చు అన్నంత వరకు చూపిస్తే చాలు. మంచి ఉద్దేశంతోనే, ముందస్తు ఆలోచన లేకుండా హద్దు దాటితే, హత్య కాస్తా హత్య కాని నేరపూరిత నరహత్య అవుతుంది. శిక్ష ఉంటుంది, కానీ తగ్గుతుంది.

ఇదీ చట్టం. ఇప్పుడు నాకు పట్టుకున్న ప్రశ్న. రాత్రికీ పగటికీ ఈ తేడా ఎందుకు? పోయేది అదే నగ, వచ్చేది అదే దొంగ. మధ్యాహ్నం రెండింటికి తాళం పగలగొడితే, మీదపడే భయం లేనంతవరకు, చంపే హక్కు లేదు. రాత్రి రెండింటికి ఉంది. నగ విలువ పొద్దుగూకాక పెరిగిందా?

ఈ తేడా మన చట్టంలో పుట్టింది కాదు. బైబిల్ నిర్గమకాండం 22వ అధ్యాయంలో, కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బలకి చస్తే కొట్టినవాడికి రక్తదోషం లేదు, సూర్యుడు ఉదయించాక అయితే ఉంది అని రాసి ఉంది. రోమన్ల పన్నెండు పలకల చట్టం క్రీస్తుకి పూర్వం 450 ప్రాంతంలోది. అక్కడా రాత్రి దొంగని చంపొచ్చు, పగటి దొంగని మాత్రం వాడు ఆయుధం తీసి తిరగబడితేనే. మనువు తీరు వేరు. ఆతతాయి, అంటే మీదపడి వచ్చే దుర్మార్గుడు, గురువైనా ముసలివాడైనా ఆలోచించకుండా చంపమన్నాడు. తమాషా ఏమిటంటే గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు కౌరవుల్ని ఆతతాయులనే అంటాడు. అంటూనే, వీళ్ళని చంపితే మనకి చుట్టుకునేది పాపమే అంటాడు. చంపడానికి అనుమతి ఉందని తెలిసినవాడి నోట వచ్చిన మాట అది.

రాత్రి వచ్చిన దొంగ చేతిలో ఏముందో తెలియదు. ఎంతమందో తెలియదు. నగ కోసమే వచ్చాడో, పిల్లల గదిలోకి పోతాడో తెలియదు. కేక వేస్తే వచ్చేవాళ్ళు కూడా నిద్రలో ఉంటారు. చట్టం మన్నించేది ఈ తెలియనితనంలోంచి పుట్టిన భయాన్ని. నగకి మనిషి ప్రాణమంత ఖరీదు కట్టి ఇచ్చిన హక్కు కాదది. నేనర్థం చేసుకున్నది ఇంతే, ఈ పూట మీకు చెప్పాలనుకున్నదీ ఇదే. తెలియకపోవడమే ఆ హక్కుకి మూలమైతే, తెలుస్తున్న కొద్దీ ఆ హక్కు కరిగిపోతుంది. తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకుండా కొట్టినవాడు, చీకటిని సాకుగా చెప్పుకోకూడదు.

"మీరు నీతులు చెప్తారు, దొంగ మా ఇంటికొచ్చాడు, మీ ఇంటికి కాదు" అని మీలో కొందరికి అనిపిస్తుంది. న్యాయమే. వాడు వస్తూ వస్తూ తన ప్రాణాన్ని తానే పణంగా పెట్టి వచ్చాడు, నేను పిలవలేదు అనే వాదనలో బలం ఉంది. మన ఇళ్ళలో బంగారం అంటే వట్టి ఆస్తి కాదు. కూతురి పెళ్ళి కోసం ఇరవయ్యేళ్ళు చీటీలు పాడి కూడబెట్టింది. ఒంటరిగా ఉండే డెబ్భై ఏళ్ళ ఆవిడ, చేతికందిన ఇస్త్రీపెట్టెతో దొంగ తల పగలగొడితే నేను ఆవిడ పక్షానే నిలబడతాను, ఫీజు తీసుకోకుండా. చీకట్లో భయపడ్డ మనిషి తరఫున మాట్లాడటానికి నాకే ఇబ్బందీ లేదు. నా పేచీ అంతా భయం తీరిపోయాక కూడా పైకెత్తిన చెయ్యి దింపనివాడితో.

ఇంగ్లండులో టోనీ మార్టిన్ అని ఓ రైతు. నార్ఫోక్‌లో ఊరికి దూరంగా, పాడుబడినట్టున్న ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. అంతకుముందూ దొంగలు పడ్డారని చెప్పేవాడు. 1999 ఆగస్టు 20 రాత్రి ఇద్దరు దూరారు. లైసెన్సు లేని తుపాకీతో చీకట్లో కాల్చాడు. పదహారేళ్ళ కుర్రాడు చనిపోయాడు, గుండు తగిలింది వీపులో. 2000లో హత్యానేరం కింద యావజ్జీవం వేశారు. దేశం రెండుగా చీలింది, చాలామంది రైతు పక్షమే. 2001లో అప్పీలు కోర్టు దాన్ని హత్య కాని నరహత్యగా తగ్గించి ఐదేళ్ళు చేసింది. ఆత్మరక్షణ అని తగ్గించిందనుకుంటారు చాలామంది. కాదు, అతని మానసిక స్థితిని బట్టి తగ్గించింది. వీపులో తగిలిన గుండు చుట్టూనే వాదనంతా తిరిగింది. వీపు కనబడిందంటే వాడు పోతున్నాడని అర్థం. పోతున్నవాడిని చూసి భయం తగ్గాలి గదా. ఇలాంటి కేసుల వేడిలోనే తర్వాత, 2013లో, అక్కడ చట్టం మార్చారు. సొంతింట్లో చొరబడ్డవాడి మీద వాడిన బలం మరీ దారుణంగా శృతి మించితే తప్ప, కేవలం కాస్త ఎక్కువైందన్నంత మాత్రాన తప్పు పట్టకూడదని. నాకు ఆ సవరణ మీద పెద్ద అభ్యంతరం లేదు. భయానికి కొంచెం చోటు పెంచారు. వీపుకి మాత్రం పెంచలేదు.

దక్షిణాఫ్రికాలో పరుగుల వీరుడు ఆస్కార్ పిస్టోరియస్ కేసు మీరు టీవీల్లో చూసే ఉంటారు. 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున, బాత్‌రూములో దొంగ ఉన్నాడనుకుని, మూసి ఉన్న టాయిలెట్ తలుపులోంచి నాలుగుసార్లు కాల్చానన్నాడు. లోపలున్నది అతని ప్రియురాలు. కింది కోర్టు అది హత్య కాదంది. 2015 డిసెంబరులో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ హత్యేనంది. ఆ తీర్పులో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. లోపలున్నది ఎవరన్నది ఇక్కడ అనవసరం అన్నారు. ప్రియురాలైనా, దొంగే అయినా, ఆ చిన్న గదిలో తప్పుకోవడానికి చోటు లేదు, కాలిస్తే చస్తారని తెలిసే కాల్చాడు అని. మనమంతా "అయ్యో, దొంగనుకుని పొరబాటున ఆ పిల్లని చంపేశాడు" అని ఆగిపోయాం. దొంగే అయితే మాత్రం? తలుపు మూసి ఉంది, వాడింకా మీదికి రాలేదు. అంతకంటే ముందు, మంచం మీద పక్కన చెయ్యి వేసి తడిమి చూస్తే సరిపోయేది. ఒక్క క్షణం పని. ఆ క్షణం అతను వెచ్చించలేదు.

మన పిల్లలు వేలల్లో అమెరికాలో ఉన్నారు గనక ఇంకోటి చెప్తాను. 1992 అక్టోబరు 17న లూసియానాలోని బేటన్ రూజ్‌లో యోషిహిరో హట్టోరి అనే పదహారేళ్ళ జపాన్ విద్యార్థి, హాలోవీన్ పార్టీకని బయల్దేరి ఇంటి నంబరులో అంకెలు తారుమారై వేరే ఇంటి గంట కొట్టాడు. తెల్ల సూటు వేసుకున్నాడు. ఆ ఇంటావిడ భయపడి తలుపేసి, మొగుణ్ణి తుపాకీ తీసుకురమ్మంది. ఆయన వచ్చి "కదలకు" అని ఇంగ్లీషులో అరిచాడు. కుర్రాడికి అర్థం కాలేదు, నవ్వుతూ ముందుకొచ్చాడు. ఒక్క గుండు. జ్యూరీ ఆ ఇంటాయన్ని నిర్దోషి అంది. సివిల్ కోర్టులో మాత్రం 6 లక్షల 50 వేల డాలర్ల పరిహారం పడింది. ఇప్పుడు మీ అబ్బాయి డల్లాస్‌లో పార్సిల్ డెలివరీ చేస్తూనో, స్నేహితుడి అపార్టుమెంట్ అనుకుని పక్కది తడుతూనో ఉంటాడు. 2023 ఏప్రిల్‌లో మిస్సోరీలోని కాన్సస్ సిటీలో తమ్ముళ్ళని తీసుకురావడానికి వెళ్ళి తప్పుడు ఇంటి గంట కొట్టిన పదహారేళ్ళ పిల్లాడిని ఎనభై నాలుగేళ్ళ ముసలాయన కాల్చాడు. అదృష్టం, పిల్లాడు బతికాడు. ఎవరి ఇంట్లోనైనా "వచ్చినవాడెవడైనా కాల్చెయ్, హక్కుంది" అని మనం ఇక్కడ కూర్చుని చప్పట్లు కొడితే, ఆ తలుపు బయట నిలబడేవాళ్ళలో మన పిల్లలూ ఉంటారు.

ఇంతవరకు చెప్పినవి భయానికి సంబంధించినవి. పూర్తిగా రెండో చివరన మిన్నెసోటాలోని లిటిల్ ఫాల్స్ కేసుంది, 2012 నవంబరులో జరిగింది. ఇల్లు ముందే రెండు మూడు సార్లు దోపిడీకి గురైన ఒక పెద్దాయన, తన బండిని దూరంగా పెట్టి వచ్చి, ఇంట్లో ఎవరూ లేనట్టు చేసి, నేలమాళిగలో కుర్చీ వేసుకుని తుపాకీతో కూర్చున్నాడు. రికార్డర్ ఆన్ చేసి ఉంది. ముందు పదిహేడేళ్ళ అబ్బాయి వచ్చాడు. కాసేపటికి పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. ఇద్దరినీ చంపాడు, పోలీసులకి మర్నాటిదాకా చెప్పలేదు. వాళ్ళు దొంగతనానికే వచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ కుర్చీ వేసుకుని ఎదురుచూసినవాడికి భయం ఎక్కడిది? ఇంటి యజమాని పక్షాన గట్టిగా నిలబడే అమెరికా చట్టం కూడా అతన్ని కాపాడలేదు. 2014లో యావజ్జీవం పడింది.

ఇక మన దగ్గరికి వద్దాం. మన ఇళ్ళలో తుపాకులు ఉండవు. మన దగ్గర దొంగ చచ్చేది చీకట్లో కాదు, ఎక్కువగా లైట్లు వెలిగాకే. పట్టుకుంటారు, కరెంటు స్తంభానికి కడతారు, వీధంతా వచ్చి తలా ఒకటి వేస్తారు. మర్నాడు జిల్లా పేజీలో "దొంగకు దేహశుద్ధి" అని వస్తుంది, ఏదో పెళ్ళి తంతులాగా. కట్టేసినవాడి వల్ల ఏ భయం ఉంది? కట్టేశాక పడే ప్రతి దెబ్బా ఆత్మరక్షణ హక్కుకి బయటిదే. అతని ప్రాణం పోతే, మొదట పట్టుకున్న ఇంటాయనకి చెప్పుకోవడానికి ఏదైనా ఉంటుందేమో గానీ, వీడియో తీస్తూ కాలితో తన్నిన పక్కింటి కుర్రాడికి ఏమీ ఉండదు. 2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టప్పాడిలో తిండి దొంగిలించాడని మధు అనే గిరిజన యువకుణ్ణి కొట్టి చంపారు. 2023లో 14 మందిని దోషులన్నారు, వాళ్ళలో 13 మందికి ఏడేళ్ళ చొప్పున శిక్ష పడింది. అదే 2018 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లోనూ పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా వచ్చింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది అని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. భాష రానివాళ్ళని, బిచ్చగాళ్ళని, మతి స్థిమితం లేనివాళ్ళని కొట్టారు. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపి, డప్పు వాయించి పాటలు పాడించి, ఆ మెసేజీలు అబద్ధమని చెప్పించాల్సొచ్చింది.

ఎవర్ని చూస్తే మనకి భయం వేస్తుందో కూడా కొంచెం ఆలోచించుకోవాలి. మెకాలే కమిషన్ 1837లో శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు, ఈ దేశంలో జనం మరీ నెమ్మదస్తులు, తిరగబడరు, వాళ్ళకి కళ్ళెం వేయడం కంటే ధైర్యం నూరిపోయడమే అవసరం అనే ఉద్దేశంతో ఆత్మరక్షణ హక్కుని విశాలంగా పెట్టింది. అదే తెల్ల సర్కారు 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చి, కొన్ని కులాల మనుషులు పుట్టుకతోనే దొంగలని రిజిస్టర్లకెక్కించింది. మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం పోయింది. కానీ ఇవాళ్టికీ ఆ ఊరి పేరు చెబితే అద్దెకి ఇల్లు ఇచ్చేవాళ్ళు ఎంతమంది? నా భయం "తగిన కారణం ఉన్న భయం" అని కోర్టు ముందు చెప్పుకునే ముందు, అది ఎదుటివాడు చేస్తున్న పని చూసి పుట్టిందా, వాడి వాలకం చూసి పుట్టిందా అని నన్ను నేను అడుగుకోవాలి. అందుకే ఆ వీడియో కింద "మన వెనక వీధిలో" అని రాసినవాళ్ళ మీద నాకు కోపం. ఎవడో దారి తప్పిన తాగుబోతు రేపు రాత్రి మీ గేటు తోస్తే, వాడి మీద పడే మొదటి దెబ్బలో ఆ మెసేజీకీ వాటా ఉంటుంది.

మరి దొరికితే ఏం చెయ్యాలి? పట్టుకోవచ్చు. బీఎన్ఎస్ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 40వ సెక్షన్ ప్రకారం, మీ కళ్ళ ముందు బెయిలు రాని, పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం చేసినవాణ్ణి మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు. జాప్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపు, పోలీసులకి అప్పగించాలి. 112కి ఫోన్ చేయండి. మంచినీళ్ళు అడిగితే ఇవ్వండి. కొట్టకండి, కొట్టనివ్వకండి. లోపల గదిలో చప్పుడైతే ముందు ఇంట్లోవాళ్ళు ఎవరెక్కడున్నారో చూసుకోండి, లైటు వెయ్యండి, గట్టిగా కేకెయ్యండి. లైటు చూసి పారిపోయే దొంగలే ఎక్కువని నా అనుభవం. పారిపోతుంటే పోనివ్వండి. అప్పటికీ మీదికి వచ్చాడా, ఇక రోకలి మీ ఇష్టం. ఆ కేసు నేను చూసుకుంటాను.

చివరిగా ఒక్కటి. ఇవాళ్టి మీ అజెండాలో నాలుగో అంశం, వెనక ప్రహరీ మీద కరెంటు తీగ లాగించాలని ఉంది. చేనుకి అడవిపందులు రాకుండా రైతులు ఇలాగే తీగలు పెట్టడం, పక్క పొలం మనిషో, రాత్రి నీళ్ళు కట్టడానికి పోయిన ఆ రైతో తగిలి చనిపోవడం ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. సుప్రీంకోర్టులో చెరూబిన్ గ్రెగరీ కేసని ఉంది, బిహార్ నుంచి వచ్చింది, 1964 రిపోర్టుల్లో దొరుకుతుంది. పొరుగింటివాళ్ళ మరుగుదొడ్డి గోడ కూలిపోతే, వాళ్ళు ఈ గ్రెగరీ మరుగుదొడ్డి వాడుకోవడం మొదలెట్టారు. వద్దని చెప్పాడు, వినలేదు. దారికి అడ్డంగా కరెంటు పారే తీగ కట్టాడు. బోర్డు లేదు, హెచ్చరిక లేదు. ఒకావిడ దానికి తగిలి చనిపోయింది. నా జాగా, నా ఆస్తి, నా రక్షణ అని వాదించాడు. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన మనిషి చట్టం రక్షణ కోల్పోడని కోర్టు శిక్ష ఖాయం చేసింది. మనిషికైతే కనీసం లైటు వేసి చూసే వీలుంటుంది. తీగకి వచ్చింది దొంగో, బంతి కోసం గోడెక్కిన మూడో బ్లాకు పిల్లాడో తెలియదు, తెలుసుకోదు. కావాలంటే అనుమతి ఉన్న సోలార్ ఫెన్సింగ్ పెట్టించుకోండి, ప్రాణం తీయకుండా షాకిచ్చేది, తెలుగులో పెద్ద బోర్డులతో. దాని ఖర్చు ఎక్కువని కోశాధికారిగారు నాకు ముందే చెప్పారు. అయినా సరే. తీర్మానం ఓటుకి పెట్టేలోపు ఈ మాట మీ చెవిన వెయ్యాలనే ఒప్పుకుని వచ్చాను. ఇక ప్రశ్నలుంటే అడగండి.